గ్రౌండ్ సేఫ్టీ స్విచ్ పేజీలో లేని వాక్యం

పంజాగుట్టలో నేను పనిచేసిన ఆఫీసు ఒక చీరల షోరూమ్ మీద నాలుగో అంతస్తులో ఉండేది. కిటికీ పక్కన కూర్చుంటే ఫ్లైఓవర్, దాని మీద నత్తల్లా పాకే బండ్లు కనిపించేవి. మేము అక్కడ విమానాల మరమ్మతు పుస్తకాలు తయారుచేసేవాళ్లం. ఎక్కడో పరాయి దేశంలో ఒక విమానం దిగుతుంది. పనివాళ్లు దాని చుట్టూ చేరి పుస్తకం తెరిచి, ఒకటో స్టెప్, రెండో స్టెప్ అని చదువుకుంటూ పని మొదలుపెడతారు. ఆ పుస్తకాన్ని పంజాగుట్టలో ఏసీ గదిలో కూర్చున్న మనుషులు సరిచేశారని వాళ్లకి తెలియదు. ఆ మనుషుల్లో చాలామంది విమానాన్ని అంత దగ్గరగా ఎప్పుడూ చూసి ఉండరని అసలే తెలియదు.

నేను చూశాను. ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై నాలుగేళ్లు యుద్ధ విమానాల మీద ఆయుధాల పని చేసి రిటైరయ్యాను. బయటికొచ్చాక రెండేళ్ల పాటు నాకొచ్చిన ఉద్యోగాలన్నీ గేటు దగ్గర నిలబడేవే. సర్వీసు మనిషి అంటే ఈ ఊళ్లో సెల్యూట్ కొట్టి తలుపు తీసేవాడని అర్థం. అందుకే ఈ కంపెనీ టెక్నికల్ చెకర్‌గా పిలిచినప్పుడు మనసారా సంతోషించాను. యూసుఫ్‌గూడలో అద్దె ఇల్లు, అక్కణ్నుంచి అమీర్‌పేట మీదుగా ఆఫీసుకు నడక. కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద ఇరుకు దారిలో భుజాలు రాసుకుంటూ నడవడం కూడా మొదట్లో బాగానే అనిపించింది.

ఆ రోజు నా ముందుకొచ్చిన పేజీలు ఒక యుద్ధ విమానం గన్‌కి సంబంధించినవి. నేలమీద ట్రిగ్గర్ పరీక్ష ఎలా చెయ్యాలో చెప్పే పదకొండు స్టెప్పులు. చదివాను. ఏదో వెలితిగా ఉండి మళ్లీ చదివాను. పాత పుస్తకం తెరిచి పక్కన పెట్టుకుని మూడోసారి చదివాను. పాతదాంట్లో మొదటి స్టెప్‌కి ముందు, ఎర్ర గీతల పెట్టెలో ఒక వాక్యం ఉంది. గ్రౌండ్ సేఫ్టీ స్విచ్‌కి బైపాస్ ప్లగ్ పెట్టి లేదని కళ్లతో చూసి నిర్ధారించుకోవాలి, అని. కొత్తదాంట్లో ఆ వాక్యం లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ స్విచ్ ఏమిటో చెప్పాలి.

యుద్ధ విమానం నేలమీద ఉన్నప్పుడు బరువంతా చక్రాల మీద ఉంటుంది. చక్రం పైనున్న కాలు ఆ బరువుకి కాస్త కుంగుతుంది. అలా కుంగినంతసేపూ అక్కడున్న ఒక చిన్న స్విచ్ ఆయుధాలకు వెళ్లే కరెంటుని ఆపేస్తుంది. విమానం గాల్లోకి లేచాక కాలు సాగి స్విచ్ వదులుతుంది. అప్పుడు గానీ ట్రిగ్గర్‌కి ప్రాణం రాదు. నేలమీద ఎవరు పొరపాటున ట్రిగ్గర్ నొక్కినా ఏమీ జరగకూడదని ఆ ఏర్పాటు. అయితే అప్పుడప్పుడు కరెంటు సరిగ్గా అందుతోందో లేదో నేలమీదే చూడాల్సి వస్తుంది. అందుకోసం చక్రం మడుచుకునే గూట్లో ఒక బైపాస్ ప్లగ్ పెడతారు. అది పెడితే స్విచ్ ఉన్నా లేనట్టే. పరీక్ష అయిపోగానే ప్లగ్ తీసెయ్యాలి. తియ్యడం మరిచిపోతే, తరువాత వచ్చినవాళ్లకి ఆ సంగతి తెలియదు. స్విచ్ కాపాడుతుందన్న ధైర్యంతో వాళ్లు పనిలోకి దిగుతారు. ఆ ధైర్యమే మనిషిని తినేస్తుంది.

ఆ పేజీలు సిద్ధం చేసింది మా టీంలో ఉన్న ఒకావిడ. భీమవరం వైపు మనిషి. పదిహేనేళ్లు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి, కాలేజీ మూతపడితే ఇక్కడ చేరింది. కామా కూడా వదలకుండా చూసే మనిషి. అందుకే నాకు కోపం రెట్టింపైంది.

"మేడమ్, ఈ వార్నింగ్ ఎవరు తీసేశారు?"

"నేనే సార్. ఏంటి, తప్పా?"

"తప్పా అని అడుగుతున్నారా?" నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. చుట్టూ కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. "మనిషి చచ్చిపోతాడు మేడమ్. మీరు తీసేసింది వాక్యం కాదు."

ఆవిడ మొహం ఎర్రబడింది. కానీ తల దించుకోలేదు. కొత్త టెంప్లేట్ ప్రకారం ఒక పనికి ఒకటే వార్నింగ్ పెట్టె ఉండాలట. ఇక్కడ మూడున్నాయి. కలపమని మేనేజర్ చెప్పాడు. ఈ స్విచ్ సంగతి పుస్తకం మొదట్లో, అన్ని జాగ్రత్తలూ చెప్పే అధ్యాయంలో ఎలాగూ ఉంది కాబట్టి ఇక్కడ తీసేయమన్నది కూడా ఆయనే. ఇదంతా నెమ్మదిగా చెప్పి, "నాకు విమానం తెలియదు సార్. అరవకుండా చెప్తే నేర్చుకుంటాను" అంది.

సిగ్గేసింది. ఆవిణ్ని ప్యాంట్రీలోకి తీసుకెళ్లాను. ఫ్రిజ్ తలుపు తెరిస్తే లోపల లైటు వెలిగింది. తలుపు అంచున చిన్న బటన్ ఉంటుంది కదా, దాన్ని వేలితో నొక్కాను. లైటు ఆరిపోయింది.

"తలుపు మూస్తే ఈ బటన్ నొక్కుకుంటుంది, లైటు ఆరిపోతుంది. విమానం నేలమీద ఉంటే అక్కడా ఇలాంటి బటనే నొక్కుకుంటుంది, గన్‌కి కరెంటు ఆగిపోతుంది. ఇప్పుడు ఎవరో వచ్చి ఈ బటన్ వెనక వైర్లు రెండూ కలిపేశారనుకోండి. తలుపు మూసినా లైటు వెలుగుతూనే ఉంటుంది. బయట నిలబడ్డ మీకు తెలుస్తుందా?"

ఆవిడ తలుపు మూసింది. ఒక్క క్షణం ఆ తెల్లటి తలుపు వంక చూస్తూ నిలబడింది. "తెలియదు" అంది. తరువాత, "వెళ్లి చూస్తే తప్ప తెలియదు. చూడమని ఎవరో ఒకరు చెప్పాలి" అంది.

అంతే. రెండు నిమిషాల్లో ఆవిడకి అర్థమైంది. అర్థం కానివాళ్లు, అర్థం చేసుకోవాల్సిన అవసరం లేదనుకున్నవాళ్లు వేరే గదుల్లో ఉన్నారు.

"మీకింత కోపం ఎందుకొచ్చింది సార్?" అని ఆవిడ అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు, ఊరి పేరు రాయను, ఒక ఎండాకాలం ఉదయం నేను ఒక యుద్ధ విమానం కాక్‌పిట్‌లో కూర్చుని ఉన్నాను. కింద గన్ పక్కన మా ఇన్‌చార్జి నిలబడ్డాడు. నల్గొండ వైపు రైతుబిడ్డ. నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. నేను కొత్తగా చేరినప్పుడు స్పానర్ ఎలా పట్టుకోవాలో దగ్గర్నుంచి నేర్పాడు. మిగతావాళ్లు ఆయన్ని ర్యాంకుతో పిలిచేవాళ్లు. నేను మాత్రం మొదటి నెల నుంచీ అన్నా అనేవాణ్ని.

ఆ రోజు మా పని ట్రిగ్గర్ సులువుగా కదులుతోందో లేదో చూడటం. ఐదు నిమిషాల పని. గన్ ఖాళీగా ఉందని ముందు షిఫ్టువాళ్ల సంతకం ఉంది. కానీ ఒక గుండు లోపల ఉండిపోయింది. మాకంటే ముందు కరెంటు పనివాళ్లు వచ్చి, వాళ్ల పరీక్ష కోసం బైపాస్ ప్లగ్ పెట్టి, టీ తాగడానికి వెళ్లారు. ప్లగ్ అక్కడే ఉంది. మాకు ఈ రెండు సంగతులూ తెలియవు. పుస్తకంలో ఉన్న స్టెప్పులన్నీ ఒక్కటి వదలకుండా చేశాం. అన్న కిందనుంచి "నొక్కు" అన్నాడు. నేను నొక్కాను.

ఆ చప్పుడు గురించి రాయడం నాకు చేతకాదు. గుండు వెళ్లి ఎదురుగా ఉన్న ఇనప ట్రాలీకి తగిలి పగిలింది. ముక్కలు వెనక్కి లేచాయి. నేను నిచ్చెన దిగలేదు, దూకాను. అన్న నేలమీద కూర్చుని ఉన్నాడు. ఎడమకాలు మోకాలి కింద కాలులా లేదు. ఆయన దాన్ని చూడటం లేదు. నన్ను చూస్తున్నాడు. "ప్లగ్ చూడు" అన్నాడు. చూశాను. గూట్లో ఎర్ర ప్లగ్ ఉంది.

కాలు తీసేశారు.

విచారణ జరిగింది. ఒక పొడుగాటి బల్ల, దాని వెనక ముగ్గురు అధికారులు. నన్ను నిలబెట్టి అడిగారు. పుస్తకంలో ఉన్నవన్నీ వరసగా చేశారా అంటే, చేశాం సార్ అన్నాను. బైపాస్ ప్లగ్ ఉందో లేదో చూశారా అంటే, చూడలేదు సార్ అన్నాను. చూడమని మీ ఇన్‌చార్జి చెప్పాడా అంటే, చెప్పలేదు సార్ అన్నాను. మూడూ నిజాలే. కానీ వాళ్లు అడగని ప్రశ్న ఒకటుంది. చూడమని పుస్తకంలో ఉందా? లేదు. నాకు తెలుసు. అంతకు ముందు రోజు సాయంత్రం ఆ పేజీ మీద వేలు పెట్టి గీత గీతా చదివాను. ఎక్కడా లేదు. ఆ ముక్క నా నాలుక చివరిదాకా వచ్చింది. రెండు వారాల్లో నాకు ప్రమోషన్ పరీక్ష ఉంది. అడిగినదానికే జవాబు చెప్పు, ఎక్కువ మాట్లాడకు అని బయట ఎవరో చెప్పి పంపారు. ఎక్కువ మాట్లాడలేదు.

ఇన్‌చార్జి అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగిందని రాశారు. అన్నని ఇంటికి పంపించేశారు.

నాలుగు నెలల తరువాత పైనుంచి ఒక సవరణ కాగితం వచ్చింది. ఆ పేజీలో మొదటి స్టెప్‌కి ముందు అతికించమని ఒక వాక్యం. బైపాస్ ప్లగ్ పెట్టి లేదని కళ్లతో చూసి నిర్ధారించుకోవాలి. మా సెక్షన్లో పుస్తకాల పని నాది. ఆ చీటీని కత్తెరతో కత్తిరించి, గమ్ము రాసి అతికించింది నేనే. మనిషి అజాగ్రత్త అని రాసినవాళ్లే పుస్తకంలో తప్పుందని ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలుని వేరే ఫైల్లో పెట్టారు. ఆ రెండు ఫైళ్లూ ఒకే బల్ల మీదికి ఎప్పుడూ రాలేదు. చీటీ అతికిస్తూ నేను ఏడవలేదు. గమ్ము సరిగ్గా అంటుకుందా లేదా అని చూసుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకు ఇప్పటికీ అసహ్యం వేస్తుంది.

అందుకే పంజాగుట్టలో ఆ పేజీ చూసి అరిచాను. విమానం వేరు, దేశం వేరు, కానీ ఆ పెట్టెలో ఉన్నది అదే వాక్యం. అక్కడా ఎవడో ఒకడు కాలో చెయ్యో ఇస్తేనే ఆ వాక్యం పుస్తకంలోకి వచ్చి ఉంటుంది. ఊరికే ఎవరూ రాయరు.

మా మేనేజర్ హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగినవాడు. నలభై ఏళ్లుంటాయి. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది. పేజీ తీసుకుని ఆయన గదికి వెళ్లాను.

"సార్, మీరు మస్తు సీనియర్. మీ మాట నేను కాదంటలే" అన్నాడు. "కానీ గీ టెంప్లేట్ మనది కాదు, క్లయింటుది. ఒక పనికి ఒకటే బాక్స్ అన్నరు. అయినా గా సేఫ్టీ చాప్టర్‌ల ఉన్నదే కదా?"

"ఆ అధ్యాయం నాలుగు వందల పేజీల వెనక ఉంది. విమానం కింద పడుకున్నవాడు అంత వెనక్కి తిప్పి చూడడు."

"చూడకుంటే వాని తప్పు సార్. పుస్తకం మొత్తం చదవాలని రూల్ ఉంటది కదా."

ఆ మాట నా చెవిలో పడగానే ఆ పొడుగాటి బల్ల గుర్తొచ్చింది. వాడి తప్పు. అక్కడా ఇదే తేల్చారు. కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాను.

"నేను సంతకం పెట్టను" అన్నాను.

ప్రతి పేజీకీ మూడు సంతకాలు కావాలి. రాసినవాళ్లది, చెకర్‌ది, మేనేజర్‌ది. ఆయన కాసేపు పెన్ను టేబుల్ మీద తడుతూ కూర్చున్నాడు. "సోమవారం పంపాలె సార్. జర అర్థం చేసుకోండ్రి" అన్నాడు. నేను పేజీ అక్కడే వదిలేసి బయటికొచ్చాను.

మరునాటికి నన్ను ఆ ప్రాజెక్టు నుంచి తీసేశారు. ప్రయాణికుల విమానాల్లో టాయిలెట్ తలుపుల గొళ్లేల మాన్యువల్ నాకిచ్చారు. గన్ పేజీల మీద చెకర్ సంతకం కూడా మేనేజరే పెట్టేశాడు. ఇరవై నాలుగేళ్లు ఆయుధాల పని చేసినవాణ్ని గొళ్లేలు చూస్తున్నాను, రెంచి పట్టనివాడు గన్ చూస్తున్నాడు. మధ్యాహ్నం భోజనం డబ్బా తెరిచి, తినలేక మూసేశాను. ఆ రోజు ఇంట్లో నా భార్యతో కూడా సరిగ్గా మాట్లాడలేదు. తను ఏమిటని రెండుసార్లు అడిగి ఊరుకుంది.

ఆ వారంలోనే అన్న ఫోన్ చేశాడు. ఆయన బోరబండలో ఉంటాడు. సర్వీసు నుంచి వచ్చేశాక చాలాకాలం ఒక బ్యాటరీల షాపులో పనిచేశాడు. నేను రిటైరయ్యాక ఈ ఊరే ఎంచుకోవడానికి కారణం ఆయన. ఆ సంగతి ఆయనకీ చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. రెండు మూడేళ్లకోసారి కృత్రిమ కాలు వదులైపోతుంది. పంజాగుట్టలో పెద్దాసుపత్రిలో కొలతలిచ్చి మార్పించుకోవాలి. నేను ఈ ఊరొచ్చాక తోడు నేనే వెళ్తున్నాను.

పొద్దున్నే వెళ్లాం. కొలతలు తీసే గది బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆయన కాలు విప్పి పక్కన నిలబెట్టుకుని, మోకాలి కింద రుద్దుకుంటున్నాడు.

"ఏం తమ్మీ, గట్ల మొఖం పెట్టుకున్నవ్?"

ఆఫీసు సంగతంతా చెప్పాను. పెట్టె, టెంప్లేట్, గొళ్లేలు. ఆయన మధ్యలో మాట్లాడకుండా విన్నాడు. "వాని తప్పు" అన్న మేనేజర్ మాట దగ్గరికొచ్చేసరికి ఆగలేకపోయాను. ఇన్నేళ్లుగా చెప్పనిది చెప్పేశాను. పుస్తకంలో ఆ వాక్యం లేదని నాకు తెలుసని, విచారణలో నోరు మెదపలేదని, ప్రమోషన్ పరీక్ష కోసం మూసుకుని కూర్చున్నానని.

అన్న మోకాలి కింద రుద్దుకోవడం ఆపాడు.

"పుస్తకంల లేదని నాకు సుత ఎరుకే" అన్నాడు. "నేను చెప్పిన. వాళ్ల ముంగట చెప్పిన. తప్పు కప్పిపుచ్చుకునేందుకు సాకు చెప్తుండు అని రాసుకున్నరు. నేను ఒక్కణ్నే అంటిని కదా, ఎవరు నమ్ముతరు?"

నా చూపు పక్కన నిలబెట్టిన కాలు మీదికి పోయింది.

"నువ్వు సుత అని ఉంటే నమ్మేటోళ్లు" అన్నాడు. గొంతు పెంచలేదు. "గప్పుడు చెప్పాల్సుండె."

లోపలికి పిలిచారు. నేను చెయ్యి అందించబోతే వద్దన్నాడు. కర్ర పట్టుకుని ఒంటికాలి మీద గంతుతూ ఆయనే వెళ్లాడు. వచ్చాక ఆటో ఎక్కించాను. వెళ్తున్నా అని కూడా అనలేదు.

ఆయన చెప్పాడన్న సంగతి నాకు అంతవరకూ తెలియదు. నేను మాట్లాడకపోవడం వల్ల నిజం బయటికి రాలేదని మాత్రమే అనుకున్నాను. బయటికొచ్చిన నిజాన్ని నా మౌనం అబద్ధం చేసిందని తెలియదు. ఆ రోజు ఆస్పత్రి నుంచి ఆఫీసుకు నడుస్తూ ఎదురొచ్చిన ప్రతివాడి మీదా కోపమొచ్చింది. హారన్ కొట్టే బస్సు మీద, ఫుట్‌పాత్ మీద బండి పెట్టినవాడి మీద. నిజానికి ఆ దారిలో కోపగించుకోవాల్సిన మనిషి ఒక్కడే నడుస్తున్నాడు.

మూడు వారాలు అన్న ఫోన్ చెయ్యలేదు. నేను చేస్తే ఎత్తలేదు.

ఆఫీసులో ఈలోగా ఒకటి జరిగింది. ఒక సాయంత్రం అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర మేడమ్ నన్ను ఆపింది.

"క్లయింటుకి పంపే ప్రశ్నల జాబితా తయారుచేసేది నేనే కదా సార్. అందులో నలభయ్యో నెంబరుగా మీ మాట పెట్టాను. ఈ వార్నింగ్ తీసెయ్యడం మీకు సమ్మతమేనా అని. ఒకటే వాక్యం."

"మేనేజర్ చూడలేదా?"

"ఆయన ఎప్పుడూ మొదటి పేజీ దాటి చదవరు సార్. అందుకే నలభయ్యోది చేశాను."

నేను మెచ్చుకోవాలి. మెచ్చుకున్నాను కూడా. కానీ లోపల మంట మాత్రం తగ్గలేదు. ఒక మనిషి కాలు దక్కాలంటే ఇంకో మనిషి జాబితా చదవకుండా సంతకం పెట్టాలి. మంచి పని కూడా దొంగచాటుగా, వాళ్ల బద్ధకాన్ని నమ్ముకుని చెయ్యాలి. ఆ మాటే అన్నాను. ఆవిడ చేతిసంచి భుజం మార్చుకుంది. "నాకూ బాగా లేదు సార్. కానీ మీరు అరిచి టాయిలెట్ తలుపుల దగ్గరికి వెళ్లిపోయారు. ఇద్దరం వెళ్లిపోతే ఆ పేజీ ఎవరు చూస్తారు?" అంది.

పది రోజుల్లో క్లయింటు నుంచి జవాబొచ్చింది. ఆ వార్నింగ్ తీసెయ్యకూడదు. మొదటి స్టెప్‌కి ముందే ఉండాలి. అవసరమైతే రెండో పెట్టె వాడుకోవచ్చు. ఇలాంటి మార్పు ఇంకెక్కడైనా చేశారేమో మొత్తం చూసి చెప్పాలి. చూస్తే ఇంకో రెండు చోట్ల కూడా తీసేసి ఉంది. ఒకటి బాంబులు వేలాడదీసే కొక్కేల పేజీలో. మూడూ తిరిగి పెట్టారు.

శుక్రవారం మీటింగు పెట్టారు. స్వీట్లు తెప్పించారు. మేనేజర్ లేచి, మన క్వాలిటీ ప్రాసెస్ ఎంత గట్టిదో దీనితో క్లయింటుకి తెలిసిందన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మేడమ్ చేతిలో బాదుషా అలాగే ఉంది. కొట్టలేదు, తినలేదు.

నేను లేచాను. "ప్రాసెస్ ఏదీ పట్టుకోలేదు" అన్నాను. "తియ్యమని చెప్పింది మీరు. నేను వద్దంటే నన్ను పక్కన పెట్టింది మీరు. నేను పెట్టనన్న సంతకం పెట్టింది మీరు. ఈ పుస్తకం ప్రకారం చేసి ఒకడు చచ్చి ఉంటే, వాడి తప్పే అని మీరే అనేవాళ్లు. నా ముందే అన్నారు."

ఈసారి అరవలేదు. మేడమ్ పేరు ఎత్తలేదు. మేనేజర్ కళ్లు కిందికి దించి, "సార్, మనం తర్వాత మాట్లాడుదం" అన్నాడు. ఆయన మొహంలో నిజంగా బాధ కనిపించింది. దాన్ని చూసి నాకు జాలి కలగలేదు. ఆ ముగ్గురు అధికారుల్లో కూడా ఒకాయన బాధగానే కనిపించాడు.

ఆ నెలాఖరుకి నా కాంట్రాక్టు అయిపోయింది, మళ్లీ ఇవ్వలేదు. కారణం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మేడమ్ ఇంకా అక్కడే ఉంది. ఏదైనా అనుమానం వస్తే ఫోన్ చేస్తుంది. పోయిన నెల అరగంటసేపు ప్రమాదంలో పైలట్‌ని సీటుతో సహా బయటికి విసిరే పేలుడు గొట్టం గురించి అడిగింది. ఆవిడ ప్రశ్నలు నేను సర్వీసులో విన్న చాలా ప్రశ్నల కంటే పదునుగా ఉన్నాయి.

ఉద్యోగం పోయిన వారంలో నేను ఇంట్లో కూర్చుని ఒక కాగితం రాశాను. ఆ ఉదయం ఏం జరిగిందో, పుస్తకంలో ఏం లేదో, విచారణలో నేనేం చెప్పలేదో, నాలుగు నెలలకి ఏ వాక్యం వచ్చిందో, దాన్ని ఎవరు అతికించారో. అన్న రికార్డులో అజాగ్రత్త అన్న మాట కొట్టెయ్యమని కోరాను. కాగితం పట్టుకుని చెప్పకుండా బోరబండ వెళ్లాను.

ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని పేపర్ చదువుతున్నాడు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. కాగితం ఇచ్చాను. కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు.

"గిది తప్పు" అన్నాడు.

"ఏది అన్నా?"

"'నేను ట్రిగ్గర్ నొక్కాను' అని ఊకె రాసినవ్. నేను నొక్కమన్నంక నొక్కినవ్. గది సుత రాయి."

"అది రాస్తే మళ్లీ నీ మీదికే వస్తుంది."

"వస్తె రానీ. నేను అన్న మాట నేను అన్నట్టే ఉండాలె. ఒక్కటి దాచిపెడితే మిగిలింది ఎవరు నమ్ముతరు?" కాగితం తిరిగిచ్చాడు. "ఇంకొకటి. కరెంటోళ్ల పేరు రాయకు. వాళ్లకు సుత ప్లగ్ తీసినమని రాసేందుకు పుస్తకంల జాగ ఇయ్యలే."

మర్నాడు ఇద్దరం అమీర్‌పేట వచ్చాం. జిరాక్స్ షాపుల వరసలో ఒక టైపిస్టు దగ్గర ఆయన చెప్పినట్టు మార్పించాను. టైపు చేసినతను గ్రౌండ్ సేఫ్టీ స్విచ్ అన్నచోట గ్రౌండ్ ఫ్లోర్ స్విచ్ అని కొట్టాడు. అన్నే పట్టుకుని మళ్లీ కొట్టించాడు. పక్కనే నోటరీ. నేను సంతకం పెడుతుంటే అన్న భుజం మీదుగా వంగి చూశాడు. నన్ను క్షమించానని అనలేదు. ఆ తరువాత కూడా ఎప్పుడూ అనలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, కొత్త కాలు వచ్చే వారం ఇస్తారట, పొద్దున తొమ్మిదింటికి రమ్మన్నాడు.

రికార్డుల ఆఫీసుకి రిజిస్టర్ పోస్టులో పంపాను. రెండు నెలలకి, అందింది, పరిశీలనలో ఉంది అని ఒక గీత జవాబు వచ్చింది. కాలు తీసెయ్యడానికి వాళ్లకి ఒక పూట చాలింది, ఒక మాట తీసెయ్యడానికి పరిశీలన కావాలి. మళ్లీ రాశాను. ఆ సవరణ చీటీ ఏ పేజీలో అతికించానో కూడా రాశాను. ఆ పుస్తకం వాళ్ల దగ్గరే ఉంటుంది కదా, తెరిచి చూసుకోమన్నాను. పోయిన గురువారం మూడో ఉత్తరం పోస్టు చేశాను. జవాబు వచ్చిందా అని అన్న ఎప్పుడూ అడగడు. పంపినవా అని మాత్రం అడుగుతాడు.